అర వాట్ నిద్ర

ఫెరింగ్
4 సెప్టెంబరు 2025

సిసెల్ తల్లికి మీ మామయ్య ఆస్గర్ రాసేది.

మీ ప్రయోగశాల పంపిన స్పీకరు సోమవారం వచ్చింది. తెచ్చినతను నన్ను ఎగాదిగా చూసి, "బిగించుకోవడం చేతనవుతుందా పెద్దాయనా?" అని అడిగాడు. లెమ్విగ్ చుట్టుపక్కల ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు పరీక్షించినవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? కాఫీ ఇద్దామనుకున్నవాణ్ణి, ఇవ్వలేదు.

సముద్రం వైపు గదిలో, గోడకి కొట్టిన అరమీద పెట్టాను. అదే అరమీదున్న నా పాత రికార్డు ప్లేయరు తీగ దాని వెనక గుచ్చాను. మీరు పంపిన కొలిచే ప్లగ్గు కూడా గోడకీ స్పీకరుకీ మధ్య పెట్టాను, లెక్క మీకు అదే పంపుతుందట. ఎంత బాగా మోగిందంటే పక్కింటి ఎల్నా వంటింటి కిటికీ తెరిచి, "ఆస్గర్, ఇంటికి ఎవరొచ్చారు?" అని కేకేసింది.

మీ కాగితంలో ఒక్క షరతు మాత్రం నాకు మింగుడు పడటం లేదు. రెండు నెలలపాటు స్పీకరుని గోడ స్విచ్చి దగ్గర ఆపకూడదట. నేను పుట్టి బుద్ధెరిగాక గోడ స్విచ్చి ఆపకుండా ఏ గదిలోంచీ బయటికి రాలేదు. మీ అత్తయ్య బతికుండగా దీపం కింద చదువుకుంటుంటే కూడా ఆపేసి తిట్లు తిన్నాను. సరే, నీకోసం ఈ ఒక్కదానికి మినహాయింపు. రికార్డు ప్లేయరు గురించి మీవాళ్ళేమీ రాయలేదు కాబట్టి దాన్ని ఎప్పటిలాగే గోడ దగ్గరే ఆపుతున్నాను.

ఇంతకీ ఆ స్పీకరు నిద్రపోతూ కరెంటు ఎందుకు తింటుంది? నిద్రలో ఏం చేస్తుంది? ఫోనులో చెప్పకు. ఫోనులో సగం మాటలు నువ్వు మింగేస్తావు, మిగతా సగం నాకు వినపడవు. మన ఎర్ర పోస్టు డబ్బా పీకేశారు, ఇక ఉత్తరాలు దుకాణంలో ఇస్తాను.

నీ మామయ్య


ఆర్హుస్
9 సెప్టెంబరు

మామయ్యా,

ముందే చెబుతున్నాను. ప్రయోగంలో ఉన్న ముప్ఫై ఇళ్ళవాళ్ళకీ మేం ఫలితాలు చెప్పకూడదు. కాబట్టి ఇది ప్రయోగశాల ఉత్తరం కాదు, మేనకోడలి ఉత్తరం. చదివి పొయ్యిలో వేసెయ్యి.

నిద్రలో ఏం చేస్తుందని అడిగావు కదా, వింటుంది. అదొక్కటే దాని పని. పాట ఆగి ఇరవై నిమిషాలు ఏ చప్పుడూ లేకపోతే పెద్ద భాగాలన్నీ ఆరిపోతాయి, ముందున్న చిన్న దీపం కూడా ఆరుతుంది. ఒక్క చెవి మాత్రం మేలుకుని ఉంటుంది. ఎవరైనా ఫోనులోంచి పాట పంపుతారా, వెనక తీగలోంచి ఏమైనా వస్తుందా అని. మేలుకుంటే ఆరు వాట్లు. నిద్రలో అర వాట్ దాటకూడదని మా పట్టుదల.

అర వాట్ అంటే ఎంతో తెలుసా? నీకు తెలుసులే, కానీ నేను లెక్కేసుకుని ముచ్చటపడ్డాను కాబట్టి విను. నేలమీది కోడిగుడ్డుని సెకనుకోసారి బల్లమీదికి ఎత్తి పెట్టాలంటే పట్టేది దాదాపు అంతే. అంత కాస్త శక్తితో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మూడేళ్ళుగా ఇదే నా ఉద్యోగం. ఇప్పటికీ మీటరు మీద ఆ చిన్న అంకె చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

అక్టోబరు చివర్లో నివేదిక మీద సంతకం పెట్టాల్సింది నేనే. మీది పందొమ్మిదో ఇల్లు. అమ్మ నిన్ను అడిగింది.

సిసెల్


ఫెరింగ్
15 సెప్టెంబరు

సిసెల్,

నీ కోడిగుడ్డు నన్ను రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు. నేనూ లెక్కేశాను. మన దేశంలో ఇలాంటివి పది లక్షలున్నాయనుకో. ఒక్కోటీ అర వాట్. అంటే మా ఊరి పాత గాలిమర పూర్తి వేగంతో తిరిగితే వచ్చేదంతా వాటికే సరి. ఎవరూ పాట వినకుండానే! కేవలం ఎదురుచూడటానికి ఒక గాలిమర. ఈవేళ పొద్దున్న దాని కిందికి వెళ్ళి తలెత్తి చాలాసేపు చూశాను. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న గాలిమరే, కొత్తగా కనిపించింది.

ఎల్నాకి చెబితే, "నేనూ అంతేగా, ఎవరైనా తలుపు కొడతారేమోనని కూర్చుంటాను. నాకెంత ఖర్చవుతుందో కొలిచిపెట్టు," అంది.

సముద్రం పొంగుమీదుంది. మీ అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య


ఆర్హుస్
29 సెప్టెంబరు

మామయ్యా,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

ఇరవై తొమ్మిది ఇళ్ళలో స్పీకరు చక్కగా నిద్రపోతోంది. మీ ఇంట్లో నిద్రపోవడం లేదు. ఒకోసారి పగలూ రాత్రీ ఆరు వాట్లు తింటూనే ఉంటుంది. మధ్యలో నాలుగైదు రోజులు మాత్రం హాయిగా పడుకుంది, అందుకని పరికరం చెడిపోయిందని కూడా అనలేకపోతున్నాం.

పాట పెట్టి మరిచిపోతున్నావా? ఇల్లు బోసిగా అనిపించి కావాలనే మోగనిస్తున్నావా? అయితే అందులో తప్పేం లేదు మామయ్యా. నాకు చెబితే చాలు.

సిసెల్


ఫెరింగ్
2 అక్టోబరు

సిసెల్,

నేను రోజూ మధ్యాహ్నం మూడుంపావుకి ఒక రికార్డు పెడతాను. రెండు వైపులా వింటాను. అయిపోగానే ప్లేయరుని గోడ దగ్గర ఆపేస్తాను. తర్వాత రై రొట్టె, పులుసులో నానేసిన హెర్రింగు చేప ముక్క, సముద్రం ఒడ్డున నడక. ఇల్లు బోసిగా ఉందని నీకెవరు చెప్పారు? పాట పెట్టుకుని మరిచిపోయే మనిషిలా కనిపిస్తున్నానా?

ఈ పై ముక్క నిన్న రాశాను. కోపంమీద రాశాను. ఇప్పుడు రాస్తున్నది వేరు.

మీ తాతయ్య ఆఖరి రోజుల్లో ఎలా ఉండేవాడో నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. నీళ్ళ కుళాయి తిప్పి వదిలేసేవాడు. అడిగితే, "నేను కట్టేశాను," అని ఒట్టేసేవాడు. అబద్ధం కాదు, నిజంగా కట్టేశాననే అనుకునేవాడు. నాకిప్పుడు డెబ్భై ఆరు. ఆయనకి మొదలైంది డెబ్భై నాలుగులో.

నిన్నటినుంచీ ఆపిన ప్రతిసారీ చీటీమీద సమయం రాసి పెడుతున్నాను. మీ అమ్మకి మాత్రం చెప్పకు.

మామయ్య


ఆర్హుస్
7 అక్టోబరు

మామయ్యా,

నన్ను క్షమించు. నీ ఉత్తరం వచ్చేసరికే అమ్మకి చెప్పేశాను. నీ గురించి బెంగతో కాదు, నా నివేదిక గురించి గోల పెడుతూ చెప్పాను. అమ్మ వెంటనే డాక్టరుకి ఫోను చేసి నవంబరు నాలుగున నీకోసం సమయం తీసుకుంది.

ఇక్కడ మా ప్రయోగశాల పెద్దాయన, "పందొమ్మిదో ఇంటికి కారణం గడిలో 'వాడినవారి పొరపాటు' అని రాసి ముందుకి వెళ్ళిపో," అంటున్నాడు. కాగితంలో రెండే గడులున్నాయి. పరికరం లోపం, వాడినవారి పొరపాటు. నేనింకా ఏదీ రాయలేదు.

శనివారం అమ్మ పుట్టినరోజుకి వీబోర్‌లో అమ్మ ఇంటికి రా. మూడు రోజులుండేలా రా. మీ పిల్లికి ఎల్నా గారు అన్నం పెడతారుగా.

సిసెల్


ఫెరింగ్
15 అక్టోబరు

సిసెల్,

పుట్టినరోజు బాగా జరిగింది. కేకు కోస్తూ కోస్తూ మీ అమ్మ గ్రేథె, "అన్నయ్యా, ఈవేళ ఏ వారం?" అంది. శనివారం అన్నాను. కాసేపాగి, "మన చిన్నప్పటి కుక్క పేరేంటి?" అంది. అదీ చెప్పాను. "ఏడు తగ్గించుకుంటూ వందనుంచి లెక్కపెట్టు," అనబోయింది, అప్పుడు నాకు ఒళ్ళు మండి, "గ్రేథె, నీ వయసు ఎంతో అందరికీ చెప్పమంటావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బస్సెక్కేటప్పుడు నా కోటు గుండీలు ఆవిడే పెట్టింది.

ఇంటికొచ్చి చీటీలన్నీ బల్లమీద పరిచాను. "4-10, ఆపాను." "4-05, ఆపాను." పది చీటీలు, నా చేతిరాతే. కానీ చూస్తూ చూస్తూ ఉంటే ఒక అనుమానం వచ్చింది. ఆపి రాశానా, లేక రాసేసి ఆపాననుకున్నానా? మీ ప్లగ్గు ఆరు వాట్లంటోంది. నా చీటీ ఆపానంటోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను అందరికీ చెప్పిందొక్కటే, మీటరుకి అబద్ధమాడాల్సిన అవసరం లేదని. ఇప్పుడు నా విషయానికొచ్చేసరికి మాట మారిస్తే ఏం మర్యాద?

డాక్టరు దగ్గరికి వెళతాను. కాగితంలో 'వాడినవారి పొరపాటు' అని రాసెయ్యి. నాకు భయంగా ఉందమ్మా. ఈ ముక్క నీకు కాక ఇంకెవరికీ రాయలేను.

మామయ్య


ఆర్హుస్
20 అక్టోబరు

మామయ్యా, నిలబడి చదువుతుంటే కూర్చో.

నువ్వు కాదు!

పదకొండు, పన్నెండు, పదమూడు తేదీల్లో నువ్వు వీబోర్‌లో నా కళ్ళముందున్నావు. మీ ఇల్లు తాళం వేసి ఉంది. ఆ మూడు రోజులూ మీ స్పీకరు రెప్ప వేయలేదు. నువ్వు లేని ఇంట్లో నువ్వు ఎలా మరిచిపోతావు? ఆఫీసులో గట్టిగా అరిచాను, అందరూ తిరిగి చూశారు.

మరెవరు? తాళంచెవి ఉన్నది ఎల్నా గారి దగ్గర. పిల్లికి అన్నం పెట్టే వంకతో వచ్చి పాటలు వింటున్నారేమో. ఇద్దరూ కలిసి వింటున్నా నాకేం అభ్యంతరం లేదు. రహస్యం ఏదైనా ఉంటే అమ్మకి నేను చెప్పను, ఈసారి ఒట్టు.

ఏడు వారాల గీత మొత్తం అచ్చు తీసి పంపుతున్నాను. గీత పైకున్నచోట మెలకువ, కిందికున్నచోట నిద్ర. తేదీలు కింద ఉన్నాయి. ఇది నియమానికి విరుద్ధం. పట్టుబడితే, మీటర్లు తెలిసిన నిపుణుణ్ణి సంప్రదించానని చెబుతాను.

సిసెల్


ఫెరింగ్
26 అక్టోబరు, ఆదివారం

సిసెల్ తల్లీ,

ముందు ఎల్నా సంగతి. నీ అనుమానం చదివి వినిపించాను. "తుంటి ఎముక మార్పించుకున్నదాన్ని, ఆ మెట్లెక్కి సరసానికి వస్తానా?" అంది. తర్వాత అద్దంలో జుట్టు సర్దుకుంది.

ఇక అసలు సంగతి. నీ గీతని వంటింటి బల్లమీద పరిచి, పక్కన మా గోడ క్యాలెండరు పెట్టాను. ఈ ఒడ్డున అందరిలాగే నేనూ రోజూ గాలి ఎటునుంచి వీస్తోందో క్యాలెండరులో ఒక్క అక్షరం రాస్తాను. సెప్టెంబరు పదిహేను, సముద్రంమీంచి వచ్చే పడమటి గాలి: మెలకువ. ఇరవై ఒకటినుంచి ఇరవై అయిదు దాకా, తూర్పు గాలి: నిద్ర. మీ అమ్మ పుట్టినరోజుకి మూడు రోజులూ పడమరే: మెలకువ. ఒక్కో తేదీమీదా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. ఒక్క రోజు కూడా తప్పలేదు.

స్పీకరు ఉన్న గదికి వెళ్ళాను. ఇవాళ పడమటి గాలే, చిన్న దీపం వెలుగుతోంది. రికార్డు తిరగడం లేదు, నిన్న సాయంత్రమే గోడ దగ్గర ఆపేశాను. అప్పుడు చూశాను, ముల్లు ఇంకా రికార్డు గాడిలోనే ఉంది! నేను ఎప్పుడూ ముల్లు ఎత్తను తల్లీ. పాట అయిపోగానే ముందు గోడ స్విచ్చి, అది నా చేతికి పట్టిన అలవాటు. తిరగడం ఆగిపోతుంది, ముల్లు ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది. ఒక వాట్ మిగిలిందని నేను సంతోషపడుతూ వెళ్ళిపోతాను.

ముల్లు ఎత్తాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవయ్యో నిమిషంలో దీపం ఆరింది. ముల్లు దించాను, వెలిగింది. మళ్ళీ ఎత్తాను, ఆరింది. మళ్ళీ దించాను.

అయితే ఆ ముల్లు ఏం వింటోంది? చెవి పెట్టాను, ఏమీ లేదు. ధ్వని చివరిదాకా పెంచాను, ఏమీ లేదు. స్పీకరు ముందున్న గుడ్డ తీసేశాను. సిసెల్, లోపలి నల్లటి పొర కదులుతోంది! చప్పుడు లేకుండా ముందుకి, వెనక్కి, సన్నగా వణుకుతోంది. కాసేపు తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. కిటికీలోంచి చూశాను. మూడువందల అడుగుల దూరంలో కొండచరియకి అల కొట్టుకుంటోంది. ఒక్కో పెద్ద అల పడిన రెప్పపాటుకి ఆ పొర ఉబ్బుతోంది. అల వెనక్కి పోగానే సద్దుమణుగుతోంది.

సముద్రం చరియని కొడుతోంది, చరియ మట్టిని, మట్టి మా పునాదిని, పునాది గోడని, గోడ ఆ అరని, అర ఆ ముల్లుని. ప్లేయరు ఆగి ఉన్నా ముల్లు కదిలితే చాలు, తీగలో సన్నటి కరెంటు పుడుతుంది. మీరు అర వాట్‌తో పెట్టిన చెవి దాన్ని వింటోంది. ఈ ఇంట్లో నలభై ఒక్క ఏళ్ళుగా నిద్రపోతున్నాను. నా మంచం కూడా అలాగే కదులుతూ ఉండి ఉంటుంది. నాకు తెలియలేదు.

పొరమీద అరచెయ్యి ఆనించాను. కాసేపయ్యాక ఎల్నాని పిలిచి ఆవిడ చెయ్యి కూడా ఆనించాను. కాఫీ చల్లారిపోయింది.

నేను మరిచిపోలేదు తల్లీ. ఆపేశాను. ప్రతిరోజూ ఆపేశాను.

మామయ్య


ఆర్హుస్
5 నవంబరు

మామయ్యా,

శనివారం మీ ఇంటినుంచి తిరిగొచ్చేటప్పుడు లెమ్విగ్ దాటేదాకా అమ్మ కారులో ఏడుస్తూనే ఉంది. స్పీకరు పొరమీద నీ చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసినప్పటినుంచీ అలాగే ఉంది. "డాక్టరుకి నేనే ఫోను చేసి వద్దని చెబుతాను," అంది. తర్వాత, "అన్నయ్యని కుక్క పేరు అడిగాను చూడు," అని మళ్ళీ ఏడ్చింది. నీకు నేరుగా చెప్పడం ఆవిడ వల్ల కాదు, కాబట్టి నేను చెబుతున్నాను.

నివేదిక మీద సంతకం పెట్టాను. రెండు గడులూ కొట్టేసి పక్కన చేత్తో రాశాను: "కారణం: సముద్రం. వాడినవారి పొరపాటు లేదు." పెద్దాయన చదివి, నావైపు చూసి, మళ్ళీ చదివాడు. మీ ఇంటి గీతా, నీ క్యాలెండరు నకలూ ముందు పెట్టాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "మనం దీన్ని అమ్మకానికి పెట్టేముందు ఎన్ని ఇళ్ళు పొరపాటు గడిలో వేసి ఉంటాం?" అన్నాడు. అమ్మకం రెండు నెలలు వెనక్కి జరిగింది. మనిషి చెవికి అందని కదలికకి మేలుకోకుండా దానికి నేర్పుతున్నాం. రోడ్డుమీద లారీలు పోయే ఇళ్ళు, రైలు పట్టాల పక్క ఇళ్ళు, అన్నింటికీ పనికొస్తుంది.

నువ్వు మాత్రం వీలైతే ముల్లు ఎత్తడం అలవాటు చేసుకో. రికార్డు పాడవుతుంది.

నీ సిసెల్


ఫెరింగ్
13 నవంబరు

సిసెల్ తల్లికి,

నీ ఉత్తరంలో పెద్దాయన అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఎన్ని ఇళ్ళు? నేనూ ఆ గడి నింపినవాణ్ణే. చాలా ఇళ్ళకి నింపాను. మిగతావి గుర్తులేవు గానీ ఒకటి గుర్తొచ్చింది, గుర్తొచ్చాక వదల్లేదు.

2005లో యోహానె అని ఒకావిడ, అప్పటికి డెబ్భై రెండేళ్ళు, చేపల రేవు దగ్గర ఒంటరిగా ఉండేది. వాడకం ఎక్కువ చూపిస్తోందని నన్ను పంపారు. మీటరు పరీక్షించాను, బాగానే ఉంది. "నేను అన్నీ ఆపేసే పడుకుంటానయ్యా," అందావిడ. కాగితంమీద రాశాను: "మీటరు సరి. ఇంటావిడ మరుపు." ఇంకో పది నిమిషాలు ఉండి నేలమాళిగలోకి దిగి చూసి ఉండొచ్చు. ఇంకో ఇల్లు ఉందని వెళ్ళిపోయాను. ఆ కాగితం చూసి వాళ్ళబ్బాయి ఆవిణ్ణి ఒంటరిగా ఉండనివ్వలేదు, ఆ చలికాలమే ఇల్లు అమ్మేశారని తర్వాత విన్నాను. విని ఊరుకున్నాను.

నిన్న వెళ్ళాను. లెమ్విగ్‌లో వృద్ధాశ్రమంలో ఉంది, తొంభై రెండేళ్ళు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎవరు నాయనా?" అంది.

"ఇరవై ఏళ్ళ కిందట మీ మీటరు చూడటానికి వచ్చినవాణ్ణండీ."

చాలాసేపు నా మొహం చూసింది. "ఆపేశాననే చెప్పాను," అంది.

"అవునండీ, అదే చెప్పారు."

"నువ్వు నమ్మలేదు."

"నమ్మలేదండీ."

"మా అబ్బాయీ నమ్మలేదు. పోనుపోను నన్ను నేనే నమ్మడం మానేశాను."

స్పీకరు గురించీ ముల్లు గురించీ సముద్రం గురించీ చెప్పాను. పొర ఎలా కదిలిందో అరచేత్తో చూపించాను. ఆవిడ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే కదిలించి చూసింది. "ఇంత మెల్లగానా?" అంది. ఇంత మెల్లగానే అన్నాను. "అంత మెల్లనిదాన్ని కూడా వింటుందా!" అని కళ్ళు పెద్దవి చేసింది. పదేళ్ళ పిల్ల మొహంలా అయిపోయింది.

తర్వాత, "నువ్వు అప్పుడు కాగితంమీద రాశావు. ఇప్పుడూ కాగితంమీద రాయి," అంది.

ఆవిడ ఇంట్లో కరెంటు ఏది తిన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియంది రాయను. అందుకని ఇలా రాశాను: "2005లో యోహానె గారు అన్నీ ఆపేశానని చెప్పారు. మరుపు అని రాయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. సరిగా వెతకని పొరపాటు నాది. ఆస్గర్, మీటర్ల పరీక్షకుడు." తేదీ వేశాను.

భూతద్దం పెట్టి మెల్లగా చదువుకుంది. రెండోసారి బయటికి చదివింది. పక్క గదిలోని ఆవిడ వినేలా మూడోసారి ఇంకా గట్టిగా చదివింది. కాగితం మడిచి స్వెట్టరు జేబులో పెట్టుకుని పైన చెయ్యి వేసుకుంది.

"ఆదివారం మా అబ్బాయి వస్తాడు," అంది.

మామయ్య